తెలిసి చేసిందెవరండీ? గోదావరి జిల్లాల ఎంపీలకీ ఎమ్మెల్యేలకీ ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎంపీ గార్లకి, ఎమ్మెల్యే గార్లకి నమస్కారం అండి.

పార్టీ పేరూ నియోజకవర్గం పేరూ వేయకుండా అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయే రొయ్యల చెరువుల కాలుష్యం విషయంలో ఏ పార్టీ వాళ్లయినా ఇంచుమించు ఒకేలా ఉన్నారు. మాది కోనసీమలో సముద్రం వైపు ఉన్న శివారు ఊరు. ఊరి పేరు చెప్పను, చెబితే ఇది ఎవరు రాశారో కనిపెట్టడం మా వాళ్లకి పావుగంట పని. నాకు ఎకరం కొబ్బరి తోట, రెండెకరాల పొలం ఉన్నాయి. ఆ రెండెకరాల్లో ఎకరంన్నర ఇప్పుడు రొయ్యల చెరువు. అవునండి, నాదే, నేనే సంతకం పెట్టి లీజుకిచ్చాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే సగం చదివాక ఎవరో ఒకరు లేచి "ముందు నీ సంగతి చూసుకోవయ్యా" అంటారు. నా సంగతి కూడా ఇందులోనే ఉంది, వస్తాను.

ముందు మా ఫ్రిజ్ సంగతి. అందులో కింద అరలో ఒక లీటరు కూల్‌డ్రింక్ బాటిల్ ఉంది. ఉన్నది మా ఊరి మురుగు కోడు నీళ్లు. పోయిన వేసవిలో ఒక రాత్రి పైన ఎక్కడో వైరస్ తగిలిన చెరువు ఒకటి ఖాళీ చేశారు. తూము ఎత్తేసిన చప్పుడు మాకు వినపడదు, తెల్లారేసరికి వాసన వచ్చి లేపుతుంది. పొద్దున్నే వెళ్లి చూస్తే కోడు నిండా బూడిద రంగు నీళ్లు, గట్టు వెంబడి నురగ, పరిగెలూ జెల్లలూ పొట్టలు తేలేసి ఉన్నాయి. అవి పోవడం కొత్తేం కాదు. ఆ రోజు కొర్రమీను కూడా తేలింది. కొర్రమీను సంగతి మీకు చెప్పక్కర్లేదు, నీళ్లు ఇంకిపోయినా బురదలో పడుండి పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేసే జాతి అది. నీటిలో గాలి అందక చచ్చిందంటే నేను నమ్మను. బ్లీచింగ్ వాసన గట్టుదాకా కొడుతోంది. మా గేదె దిగి మూతి పెట్టింది, పెట్టిన మూతి పెట్టినట్టే పైకి తీసేసుకుని నా వంక చూసింది. అప్పుడు పట్టానండి ఆ సీసా.

సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లి అర్జీ ఇచ్చాను, సీసా కూడా పట్టుకెళ్లాను. అక్కడున్న ఆఫీసరు మంచాయనే, మర్యాదగానే చెప్పాడు: "మీరు పట్టుకొచ్చింది చెల్లదండీ, మేమే తీయాలి." ఇంటికొచ్చి చదివితే ఆయన చెప్పింది నిజమే. 1974 నాటి నీటి కాలుష్య చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం శాంపిల్ కాలుష్య నియంత్రణ బోర్డు మనిషే తీయాలి, అవతలి పక్షానికి అక్కడికక్కడే నోటీసిచ్చి, వాళ్ల ఎదురుగా రెండు భాగాలు చేసి సీలు వేయాలి, ఇవేవీ జరగకపోతే ఆ రిపోర్టు కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. బాగానే ఉంది, ఎవడు పడితే వాడు సీసాలో ఏదో కలుపుకొచ్చి పక్కవాడి మీద కేసు పెట్టకుండా ఆ జాగ్రత్త ఉండాల్సిందే. కానీ బోర్డు మనిషి వచ్చేసరికి పదకొండు రోజులయింది, ఈ మధ్యలో రెండు వానలు పడ్డాయి. రిపోర్టులో "పరిమితుల లోపే" అని వచ్చింది. నా సీసా మాత్రం అలాగే ఉంది. మా ఆవిడ దాన్ని పారేయమని రోజూ గొడవ, నేను ఇంకా పారేయలేదు, పిల్లలు తెలియక తాగుతారేమో అని దాని మీద రిఫిల్లు పెన్నుతో పెద్ద అక్షరాలతో "కోడు" అని రాసిపెట్టాను.

ఇంతకీ ఆ చెరువు ఎవరిది? ఇదీ నా ప్రశ్న, ఉత్తరమంతా దీని గురించే. భూమి హైదరాబాదులో ఉండే ఒకాయనది. లీజు భీమవరం వైపు నుంచి వచ్చిన ఇంకొకాయనది. రిజిస్ట్రేషన్ కాగితం ఈ ఇద్దరిలో ఎవరి పేరునా లేదు. తూము ఎత్తింది నెలజీతానికి కాపలా ఉండే కుర్రాడు, వాడిది ఏ రాష్ట్రమో పాపం మాకు భాష కూడా కలవదు. పంచాయతీలో అడిగితే మేం తీర్మానం ఒక్కటే ఇచ్చామన్నారు, మత్స్యశాఖ వాళ్లనడిగితే అది కాలుష్యం వాళ్ల పనన్నారు, కాలుష్యం వాళ్లనడిగితే కోడు డ్రెయినేజీ వాళ్లదన్నారు. అందరి మాటా విని చివరికి నాకు అర్థమైంది ఏంటంటే, నేరం చేసింది కోడే. పారకుండా ఉండాల్సింది.

మీకు మా డెల్టా గురించి నేను పాఠం చెప్పనక్కర్లేదు గానీ ఒక్క మాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర పుణ్యమా అని ఇక్కడ జరిగిందంతా ఒకటే పని, మంచినీళ్లు పైన నిలబెట్టి ఉప్పుని కిందకి అణిచిపెట్టడం. తొలి పంట సార్వాకీ, రెండో పంట దాళ్వాకీ చేల నిండా నిలిచే నీళ్లే మా బావుల్నీ తియ్యగా ఉంచాయి. ఇప్పుడు చెరువుల్లో ఏం చేస్తున్నామంటే ఆ ఉప్పుటేటి నీళ్లనే మోటార్లతో తోడి తెచ్చి చేల నెత్తిన నాలుగడుగుల ఎత్తున నిలబెడుతున్నాం. పక్క చేలో గట్టు మీద తెల్లగా పొర తేలుతుంది, వేలితో గీకి నాలిక మీద పెట్టుకుంటే తెలుస్తుంది. ఊట దిగిన చోట నాట్లు వేసిన ఇరవై రోజులకి వరి ఎర్రబడి అక్కడే ఆగిపోతుంది. కొబ్బరికి ముందు మట్టల కొసలు మాడతాయి, తర్వాత పిందె రాలుతుంది, నిలిచిన కాయ కూడా చిన్నదైపోతుంది, దింపు తీసేవాడు చెట్టెక్కకుండానే కిందనుంచి చూసి "దీనికి ఎక్కుడు కూలి కూడా రాదండీ" అని పక్క తోటకి పోతాడు. మా అమ్మ ముప్పై ఏళ్లు నీళ్లు తోడిన బావిలో ఇప్పుడు అంట్లు కూడా తోమం. ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటాం. గోదావరి ఒడ్డున పుట్టి నీళ్లు కొనుక్కోవడం అంటే మా నాన్న బతికుంటే నవ్వేవాడో ఏడ్చేవాడో.

ఇక నా సంగతి. నా రెండెకరాలకి మూడు వైపులా చెరువులు వచ్చేశాయి. నాలుగో వైపు కోడు. రెండు సార్వాలు పోయాయి, కౌలుకి చేసేవాడు "ఇంక నా వల్ల కాదు బాబాయ్" అని చేతులెత్తేశాడు. లీజుకి ఇస్తే వరి కౌలుకి మూడింతల పైన వస్తుంది. ఇంట్లో పెళ్లి ఉంది. ఇచ్చేశాను. పక్కవాడి చెరువు వల్ల నా చేను పోయింది, నా చెరువు వల్ల ఆ పైవాడి చేను పోతోంది, ఆయన నాతో మాట్లాడటం మానేశాడు, నేను ఆయన స్థానంలో ఉన్నా అదే చేసేవాణ్ని. నాకు శిక్ష వేయాలంటే వేయండి, నేను కాదనను. కాకపోతే నన్ను ఆ మూడు వైపుల మధ్యలో ఇరికించిన అనుమతుల కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లని కూడా నా పక్కనే నిలబెట్టండి.

"మాకు తెలియదు" అని ఎవరైనా అంటే అందుకే ఒళ్లు మండుతుంది. 1996 నవంబరు 6 గుర్తులేని మనిషి కోనసీమలో ఉండడు, ఆ రాత్రి తుఫానుకి పోయినవాళ్ల లెక్కా పడిపోయిన కొబ్బరిచెట్ల లెక్కా ఇప్పటికీ ఇళ్లలో చెప్పుకుంటాం. సరిగ్గా ఐదు వారాలకి, డిసెంబరు 11న, ఢిల్లీలో సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీర్పిచ్చింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలో, అంటే సీఆర్‌జెడ్‌లో ఉన్న రొయ్యల చెరువుల్ని 1997 మార్చి 31 లోపల తీసేయమంది, సంప్రదాయ పద్ధతిలో చేసేవాటిని మాత్రం వదిలేసింది. పంటపొలాలూ మడ అడవులూ ఉప్పుమడులూ చెరువులుగా మార్చొద్దంది. పాడుచేసినవాడి దగ్గరే డబ్బు వసూలు చేసి బాగుచేయించమంది. ఆ చెరువుల్లో పనిచేసి పని పోగొట్టుకునే కూలీలకి ఆరేళ్ల జీతం పరిహారంగా ఇవ్వమంది, అంటే కూలోడి గురించి కూడా ఆలోచించిన తీర్పు అది. ఆ వారాల్లో మేం పడిపోయిన చెట్లు కోసుకుంటూ, ఎగిరిపోయిన కప్పు మీద తాటాకు వేసుకుంటూ ఉన్నాం, ఆ తీర్పు మా ఊళ్లో ఒక్కడు చదవలేదు. నేను చదివింది పోయిన ఏడాది, ఫోన్లో.

అందులో నన్ను ఆపేసిన చోటు ఒకటుంది. కోర్టు పంపిన నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నిపుణులు తీరం తిరిగి చూసి, రొయ్యలమ్మితే వచ్చే డబ్బు కంటే పర్యావరణానికీ బతుకుతెరువులకీ జరిగే నష్టమే ఎక్కువని తేల్చారు. మన రాష్ట్ర తీరం కూడా ఆ లెక్కలో ఉంది. అంటే 1996 డిసెంబరు నాటికే లాభం ఎంత, నష్టం ఎంత అనేది ఈ దేశపు అత్యున్నత కోర్టు రికార్డులోకి ఎక్కేసింది. ఆ తర్వాత తవ్విన ప్రతి చెరువూ, ఇచ్చిన ప్రతి అనుమతీ ఆ లెక్క తెలిసి ఇచ్చినట్టే. తెలియకపోతే తెలుసుకోవాల్సిన ఉద్యోగంలో ఉండి తెలుసుకోలేదన్నమాట, అది ఇంకా ఘోరం.

మరి ఆ తీర్పు ఏమైంది? 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రొయ్యల సాగు సీఆర్‌జెడ్ నిషేధాల కిందికి అసలెప్పుడూ రానట్టుగా వెనక తేదీతో రాసేశారు. పోనీ అని అందులో ఒక కొరడా పెట్టారు, రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే మూడేళ్ల దాకా జైలు. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకం వచ్చింది, ఆ తర్వాత మా వైపు ఎలా మారిందో మీరు ఓట్లడగడానికి వచ్చినప్పుడు కారు అద్దంలోంచి చూస్తూనే ఉన్నారు. 2023 వర్షాకాల సమావేశాల్లో ఆ జైలు కూడా తీసేసి డబ్బు జరిమానా పెట్టారు. అదే సమావేశాల్లో జన విశ్వాస్ చట్టం అని ఇంకోటి, ఒకే దెబ్బకి 42 చట్టాలు సవరించారు. అందులో 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కూడా ఉంది. ముందు ఐదేళ్ల దాకా జైలు ఉండే చోట ఇప్పుడు పది వేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానా. అప్పుడు సభలో ఉన్నది మీరు కావచ్చు, మీ ముందువాళ్లు కావచ్చు, నేను వీడియో వెతికి మరీ చూశాను, మూజువాణీ ఓటుతో అయిపోయింది, మా ఊరి గ్రామసభలో వీధిలైటు తీర్మానం కూడా అంతకన్నా గొడవతో పాసవుతుంది.

పదిహేను లక్షలంటే మాకు చాలా డబ్బేనండి. నాలుగైదెకరాల చెరువుకి ఒక్క పంటకి అయ్యే మేత బిల్లు కూడా దాదాపు అంతే. వంద ఎకరాలవాడు దాన్ని ఏ పద్దులో రాసుకుంటాడో మీరే చెప్పండి, కరెంటు, సీడు, మేత, జరిమానా. ఇంకో తమాషా ఏంటంటే, ఆ జరిమానా తొంభై రోజుల్లో కట్టకపోతే మాత్రం మూడేళ్ల దాకా జైలు పెట్టొచ్చు. ఏరుని చంపితే జరిమానా, జరిమానా ఎగ్గొడితే జైలు. అంటే సర్కారుకి బాకీ పడటమే అసలు నేరం. ఆ జరిమానా వేయాల్సిన అధికారి కూడా రాష్ట్రంలో అయితే సెక్రటరీ హోదాకి తగ్గకూడదట, మా కోడులో కొర్రమీను చచ్చిపోయిందని నేను అమరావతి వెళ్లి సెక్రటరీ గారి గది ముందు కూర్చోవాలన్నమాట, సీసా పట్టుకుని.

నా చెరువులో నీళ్లకి గాలి కొట్టే ఏరియేటరు మోటారు ఎవడైనా ఎత్తుకుపోతే దొంగతనం, కొత్త న్యాయ సంహితలో 303వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు, స్టేషన్ నుంచి ఆ రాత్రికే బండి వస్తుంది. జనం వాడుకునే ఊటనో చెరువునో పాడుచేస్తే అదే సంహితలో 279, ఆరు నెలలు, లేదంటే ఐదు వేలు. మోటారుకి ఓనరు ఉన్నాడు, నీళ్లకి లేడు, ఇంతకన్నా నాకు వేరే కారణం కనపడలేదు.

జైళ్లు తీసేసినవాళ్ల వాదన కూడా నేను చదివానండి, మరీ మొండిగా మాట్లాడను. క్రిమినల్ కేసులు ఏళ్ల తరబడి సాగుతాయి, ఎవరికీ శిక్ష పడదు, చిన్నవాళ్లే కోర్టుల చుట్టూ తిరుగుతారు, జరిమానా అయితే త్వరగా వసూలవుతుంది అంటారు. మొదటి సగం నిజం. భోపాల్‌లో 1984 డిసెంబరులో వేల మంది పోతే 2010 జూన్‌లో తీర్పొచ్చింది, రెండేళ్ల శిక్ష, ఆ రోజే బెయిలు. రెండో సగం దగ్గరే నాకు పేచీ. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రీ అని ఒక ఊరుంది. రంగుల తయారీలో వాడే హెచ్ యాసిడ్ తయారుచేసే ఫ్యాక్టరీల వ్యర్థం భూమిలోకి ఇంకి అక్కడి బావుల్లో నీళ్లు ఎర్రగా మారాయి. 1996లోనే, మన రొయ్యల తీర్పు వచ్చిన ఏడాదే, కంపెనీలే బాగుచేయించే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత ఆ లెక్క 37 కోట్ల పైన తేలింది. వాళ్లు పిటిషన్ మీద పిటిషన్ వేసుకుంటూ 2011 దాకా లాగారు, చివరికి కోర్టే విసిగిపోయి చక్రవడ్డీతో కట్టమంది. పదిహేనేళ్లు! డబ్బు శిక్ష త్వరగా పడుతుందని ఎవరైనా అంటే బిచ్ఛ్రీ వెళ్లి ఆ బావుల పక్కన చెప్పమనండి.

ఇప్పుడు అసలు అడగాల్సింది. ప్రపంచంలో చాలా చోట్ల ఎకోసైడ్ అనే మాట నడుస్తోంది. పత్రికల్లో పర్యావరణ హననం అని రాస్తున్నారు, పలకడానికి నోరు తిరగదు. మా అమ్మ అయితే "ఊరు పాడుపెట్టడం" అని ఒక్క ముక్కలో అనేసేది, నాకు ఆ మాటే నచ్చింది. 2021 జూన్‌లో పన్నెండు మంది న్యాయ నిపుణులు, బ్రిటన్ లాయరు ఫిలిప్ శాండ్స్, సెనెగల్‌కి చెందిన డియోర్ ఫాల్ సో అనే ఆవిడ ఇద్దరి ఆధ్వర్యంలో కూర్చుని దానికి ఒక నిర్వచనం రాశారు. నా తెలుగులో చెప్తాను: తాను చేసే పని వల్ల పర్యావరణానికి తీవ్రమైన నష్టం, అదీ చాలా దూరం పాకేదో చాలాకాలం ఉండిపోయేదో, జరిగే అవకాశం గట్టిగా ఉందని తెలిసి కూడా, చట్టం మీరో లేదా "ఏమైతే నాకేంటి" అన్నట్టో ఆ పని చేయడం. ఆ "ఏమైతే నాకేంటి" అంటే ఏంటో కూడా వివరించారు, వచ్చే లాభంతో పోలిస్తే నష్టం స్పష్టంగా మించిపోతుందని తెలిసీ లెక్కచేయకపోవడం. ఇది చదివినప్పుడు నేను లేచి కూర్చున్నానండి. నీరి వాళ్లు మన తీరం గురించి 1996లో వేసి చూపించింది అచ్చం ఈ లెక్కే కదా!

2024 సెప్టెంబరులో వనువాటు, ఫిజీ, సమోవా అనే మూడు చిన్న దీవుల దేశాలు ఈ నేరాన్ని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టంలో, జాతిహత్య, యుద్ధ నేరాల సరసన చేర్చమని ప్రతిపాదించాయి. సముద్రం ఇళ్లలోకి వస్తున్నవాళ్లే ముందు అడిగారు, అంతర్వేదిలో నిలబడి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఆ కోర్టులో మన దేశం సభ్యురాలు కాదు, కాబట్టి రేపు అక్కడ చేరినా మా కోడుకి ఒరిగేది లేదు. ఇక్కడే చట్టం కావాలి. వియత్నాం 1990లోనే తన శిక్షాస్మృతిలో రాసుకుంది, యుద్ధంలో అమెరికా విమానాలు వాళ్ల అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనుభవంతో. రొయ్యల ఎగుమతిలో మనకి పోటీ ఆ వియత్నామే, నేరాన్ని చట్టంలో రాసుకున్నందుకు వాళ్ల వ్యాపారం మూతపడలేదు. 2024లో బెల్జియం ఇరవై ఏళ్ల దాకా జైలు పెట్టింది. వీళ్లందరూ మనకంటే గొప్పవాళ్లని నేను అనను, అక్కడ ఎంతమందిని లోపలేశారని అడిగితే నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. అయినా ఆ నిర్వచనంలో ఒక్క మాట మన చట్టాల్లో ఎక్కడా ఆ బరువుతో కనపడలేదు: తెలిసి. మన బోర్డులు ఎంత కలిసింది, ఎంత దాటింది, ఎన్ని మిల్లీగ్రాములు అని అడుగుతాయి. తెలిసి చేసిందెవరు, తెలిసి సంతకం పెట్టిందెవరు అని అడగవు.

ఇది రొయ్యల మీద కోపంతో రాసిన ఉత్తరం అనుకోకండి. ఆక్వా మీద ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతోందో నాకు తెలుసు, మా వీధిలోనే ముగ్గురు ఆడవాళ్లు ప్లాంటు బస్సెక్కి తలలు తీసే పనికి వెళ్తారు, చేతివేళ్లు చల్లటి నీళ్లకి నానిపోయి తెల్లగా ఉంటాయి. 2025లో అమెరికా సుంకం 50 శాతానికి పోయినప్పుడు రొయ్యల ధరలు పడిపోతాయని మేమూ నిద్రపోలేదు. అప్పుడు ఢిల్లీకి ఎంత త్వరగా లేఖలు వెళ్లాయో చూశాం, అదే చురుకు కోడుకి కూడా అడుగుతున్నా, అంతే. రొయ్యల మాట పక్కన పెడితే, 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది, 2014 జూన్ 27న మా కోనసీమలోనే నగరం అనే ఊళ్లో తెల్లవారుజామున గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. రెండింటినీ మనం "ప్రమాదం" అన్నాం. ఆ మాట చాలా సౌకర్యం, అందులో కర్త ఉండడు. కొల్లేరులో 2006లో చెరువుల గట్లు తెంపించారు, గట్టు పోయింది, గట్టు వేయించిన పెద్దమనిషి పోలేదు, అందుకే గట్టు మళ్లీ లేచింది.

కాబట్టి నేను అడిగేది ఇది. ఎంపీ గార్లు పార్లమెంటులో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టండి. పాసవదు, నాకూ తెలుసు, అయినా పెట్టండి, కనీసం ఎవరు ఏం మాట్లాడారో రికార్డులో ఉంటుంది. అందులో శిక్ష కంపెనీ పేరు మీదకి కాదు, నిర్ణయం తీసుకున్న మనిషి మీదకి రావాలి, హెచ్చరిక కాగితం చేతిలో పెట్టుకుని అనుమతిచ్చిన అధికారి మీదకీ రావాలి. నాలాంటి ఎకరంన్నరవాడినీ తూము ఎత్తే కుర్రాణ్నీ పట్టుకుని పని అయిపోయిందనిపించే చట్టం అయితే మాత్రం వద్దండి, అలాంటివి చాలా ఉన్నాయి. ఎంత పెద్ద నష్టమైతే ఇది వర్తిస్తుందో అందులోనే గీత గీయండి.

ఎమ్మెల్యే గార్లూ, ఇది ఢిల్లీ పని అని మీరు తప్పుకోవద్దు. నీళ్లు, భూమి, చేపలు, ప్రజారోగ్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోవి. 2024లో నీటి చట్టంలో కూడా చాలా జైలు శిక్షలు తీసేసి పది వేల నుంచి పదిహేను లక్షల జరిమానాగా మార్చారు, నీళ్లు రాష్ట్రాల విషయం కాబట్టి అసెంబ్లీ తీర్మానం చేసిన రాష్ట్రానికే ఆ మార్పు వర్తిస్తుంది. అలాంటి తీర్మానాలకి చెయ్యి ఎత్తే ముందు ఒక్కసారి మీ నియోజకవర్గంలో కోడు గట్టు మీద నడవండి. ఊళ్లో జనం తీసిన శాంపిల్‌ని పూర్తిగా కాకపోయినా విచారణ మొదలుపెట్టడానికైనా చెల్లేలా ఒక పద్ధతి పెట్టండి. పంచాయతీ సెక్రటరీకి సీళ్లూ సీసాలూ ఇస్తే పదకొండు రోజులు అక్కర్లేదు, పావుగంట చాలు. పర్యావరణ చట్టం కింద మామూలు మనిషి కోర్టుకెళ్లాలంటే అరవై రోజుల ముందు నోటీసివ్వాలని 19వ సెక్షన్ చెబుతుంది, వనామీ పంటే వంద రోజుల చిల్లర, అరవై రోజుల్లో రొయ్యల పట్టుబడి అయిపోయి, చెరువు ఎండగట్టి, సున్నం చల్లేసి ఉంటారు.

ఇంకొక్కటి, దీనికి చట్టం కూడా అక్కర్లేదు. సిమెంటు రోడ్డుకీ బస్ షెల్టరుకీ శిలాఫలకం వేసి మీ పేర్లన్నీ చెక్కిస్తారు కదా, ప్రతి పెద్ద చెరువు తూము దగ్గర కూడా ఒక ఫలకం వేయించండి. భూమి ఎవరిది, లీజు ఎవరిది, పంచాయతీ తీర్మానం ఎవరి హయాంలో, రిజిస్ట్రేషన్ మీద సంతకం ఎవరిది, ఎవరి సిఫార్సు లేఖ మీద. నా పేరు ముందు చెక్కించండి, నాకు సిగ్గేమీ లేదు.

మీలో ఎవరైనా వచ్చి చూస్తానంటే, ఇప్పుడు రావద్దండి. ఇప్పుడు పంట కాలువల నీళ్లు దిగి కోడు నిండుగా ఉంది, ఫోటోలకి బాగుంటుంది. దాళ్వా అయిపోయి ఏప్రిల్‌లో కాలువలకి నీళ్లు ఆపేశాక రండి. అప్పుడు కోడులో ఉండేవన్నీ చెరువుల నీళ్లే, ఇంకే నీళ్లూ ఉండవు. రాత్రి పదకొండు దాటాక రండి, తూములు ఎత్తేది అప్పుడే. కాన్వాయ్ మెయిన్ రోడ్డు మీదే ఆపుకుని గట్టు మీద నడిచి రండి, ఖాళీ సీసా ఒకటి తెచ్చుకోండి. ముందు ఫోన్ మాత్రం చేయించకండి.

ఇట్లు,
కోనసీమ శివారు రైతు ఒకడు, ఎకరంన్నర చెరువు యజమాని